‘మ’ అయ్యాక వస్తాను

ఇంటి నుంచి,
మార్చి 3

మరదలికి,

ఏడు నెలల తరవాత పని ఒప్పుకున్నాను. ప్రచురణ వాళ్లు మనిషి చేత అచ్చు కాగితాల కట్ట పంపించారు. ఇంటర్నెట్ ఎలా పుట్టింది, అందులో మనుషులు ఏం చేశారు అన్నదాని మీద ఆరువందల పేజీల పుస్తకం. దాని చివర పదసూచిక నేను తయారుచెయ్యాలి. ఏ మాట ఏ పేజీలో ఉందో వెతుక్కునేవాళ్లకి చెప్పే పట్టిక అన్నమాట. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే కనుక చేతులు వాటంతట అవే చేసుకుపోతాయనుకున్నాను. చేసుకుపోతున్నాయి. నాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు. ఆకలి కూడా గడియారం చూసి తెలుసుకుంటున్నాను.

చిక్కేమిటంటే పుస్తకంలో సగం మాటలు నాకు తెలియవు. మీ అక్క పోయిన వారానికే ఇంట్లో నెట్ కనెక్షన్ తీయించేశాను, ఫోను ఎత్తడం మానేశాను. ఇవి నీకు తెలియనివి కావు. కాబట్టి నువ్వే దిక్కు. మోడెం అంటే ఏమిటి? సర్వర్ అంటే ఏమిటి? మెసేజ్ బోర్డు అంటే ఏమిటి? ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. నీ సంగతి తెలుసు కనుక ‘ఒక్క’ కింద గీత గీస్తున్నాను.

బావ


రిపేరు షాపు, వెనక బల్ల,
మార్చి 9

బావగారికి,

ఇంటర్నెట్ గురించి ఉత్తరం రాసి తెలుసుకుంటున్న మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే అయ్యుంటారు. స్టాంపు కావాలంటే పోస్టాఫీసు కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, డ్రాయరు వెతకడానికి లోపలికి వెళ్లింది. బస్సెక్కితే నలభై నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటాను, ఉత్తరానికి అయిదు రోజులు పడుతోంది. అయినా మీరు రాయమన్నారు కనుక రాస్తున్నాను.

మోడెం: కంప్యూటర్ చెప్పేదాన్ని టెలిఫోను తీగ మోయగలిగే కూతగా మార్చే పెట్టె. సర్వర్: ఎవరు ఎప్పుడు ఏం అడిగినా తెచ్చి ఇవ్వడానికి మేలుకుని ఉండే కంప్యూటర్. మా షాపులో ఆ ఉద్యోగం నాది. మెసేజ్ బోర్డు: ఎవరో ఒక ప్రశ్న రాసి గోడకి అంటిస్తారు, దారిన పోయేవాళ్లు కింద జవాబు రాసి పోతారు, ఆ గోడ కంప్యూటర్లో ఉంటుంది. వాక్యాలు మించాయి. మీ గీత చెరుపుకోండి.

మా ఓనరమ్మ దగ్గర ఈ విషయం మీద నాలుగు పుస్తకాలున్నాయి. ప్రింటరు ఎత్తు సరిపోలేదని దాని కింద పెట్టింది. ప్రింటరు కింద ఇటుకలు పెట్టి, పుస్తకాలు మీకు పార్సెల్ చేస్తున్నాను. మూడు నేను బస్సులో చదివేశాను. నాలుగోది మీరు చదివాక వెనక్కి పంపండి.

ఇటు ఒకసారి రండి బావా. నా బల్ల పక్కన ఒక కుర్చీ ఉంది. విరిగిపోతే నేనే బాగు చేశాను, మిమ్మల్ని మోస్తుంది. ఊరికే వచ్చి కాసేపు కూర్చోండి. మాట్లాడక్కర్లేదు.

మీ మరదలు


ఇంటి నుంచి,
మార్చి 22

మరదలికి,

నాలుగూ చదివాను. మొదటి అధ్యాయంలో ప్రపంచం మారిపోయింది, ఆఖరి అధ్యాయంలో ఇంకా మారబోతోంది. నాలుగింట్లోనూ అదే వరస. కుర్రాళ్లు కారు షెడ్డులో కూర్చుని ఏదో కనిపెడతారు, పెద్దవాళ్లయి కోర్టులో ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు. మధ్యలో ఆ వస్తువుని వాడినవాళ్లు ఉంటారు కదా, వాళ్లని ‘వినియోగదారులు’ అని ఒక్క మాటలో కట్టగట్టేశారు.

నేను అలవాటు కొద్దీ పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెడతాను. ఒకదాని పదసూచికలో ఒక కంపెనీకి ముప్పై ఒక్క పేజీ సంఖ్యలున్నాయి. ‘ఒంటరితనం’ రెండు చోట్ల ఉంది. ‘చావు’ లేదు, ‘ఖాతా మూసివేత’ ఉంది. చేసినవాడు చెయ్యి తిరిగినవాడే, తప్పు పట్టలేం. ఇదివరకైతే ఇలాంటిది కనిపిస్తే మీ అక్కకి చదివి వినిపించి నవ్వేవాణ్ణి. ఇప్పుడు కాగితం మీద రాసుకుని పక్కన పెట్టాను.

ఈ లావు పుస్తకం వాటికంటే నయం. రాసినావిడ పేరున్నవాళ్లని వదిలేసి, ఊరూ పేరూ లేనివాళ్ల వెంట పడింది. మాటకొక కార్డు చొప్పున రాసి పెట్టెలో అక్షరాల వరసన పెడుతున్నాను, తొమ్మిదివందలు దాటాయి. వచ్చి కూర్చోమన్నావు. ‘క’ అయ్యాక చూద్దాం. కంప్యూటర్, కంపెనీ, కనెక్షన్, కీబోర్డు, కోడ్ అందరూ అక్కడే కాపురం పెట్టారు.

నాలుగో పుస్తకం ఈ పార్సెల్‌లోనే ఉంది.

బావ


ఇంటి నుంచి,
ఏప్రిల్ 11

మరదలా,

ఇది కూర్చుని చదువు.

పదకొండో అధ్యాయంలో ‘వసారా’ అని ఒక మెసేజ్ బోర్డు సంగతి వచ్చింది. కంప్యూటర్లు మొరాయించినవాళ్లు అక్కడికి వచ్చి అడిగేవాళ్లట. కొన్నాళ్లకి సంసారాలు మొరాయించినవాళ్లు కూడా వచ్చి అడగడం మొదలుపెట్టారట. ‘పక్కింటామె’ అన్న పేరుతో ఒకావిడ తొమ్మిదేళ్లలో పదకొండు వేల జవాబులు రాసింది. ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. 398వ పేజీలో ఒక జవాబు అచ్చువేశారు. “ముందు అన్నీ ఆపేసి, ఓ గ్లాసు నీళ్లు తాగండి. ఏం పోయిందో తరవాత చూద్దాం.”

పెన్సిలు కింద పెట్టేశాను. నా కార్డులు కలగాపులగమైనప్పుడల్లా మీ అక్క నాతో అన్న మాట అది, అక్షరం తేడా లేదు. రోజూ మధ్యాహ్నం ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చునేది. ఎవరెవరికో జవాబులు రాస్తున్నానని చెప్పేది. ఎవరికని గానీ, ఏం జవాబులని గానీ నేను అడగలేదు. పదకొండు వేలు రాసింది. నాతో అన్ని మాటలు మాట్లాడిందా అని ఆలోచించబోయి మానేశాను.

412వ పేజీలో కిందటేడు జూన్ నాటి జవాబు ఉంది. ఎవరో జబ్బుమనిషి రాసింది, తన భర్త తన దగ్గర కూర్చోడని, ఎప్పుడు చూసినా డాబా మీద నీళ్ల ట్యాంకు బాగు చేస్తుంటాడని. దానికి పక్కింటామె జవాబు ఇది. “మా ఇంటాయన కూడా అంతే. పక్క గదిలో కార్డులు సర్దుకుంటూ ఉంటారు. గుమ్మం దాటి రాలేరు. కానీ ఆ చప్పుడు వినబడుతుంటే నాకు చాలు. పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.”

ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు చెప్తాను. కిందటేడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మీ అక్క నన్ను పిలిచి, “కాసేపు ఇక్కడ కూర్చోండి” అంది. నా చేతిలో ఇంకో పుస్తకం పని ఉంది. “‘మ’ అయ్యాక వస్తాను” అన్నాను. ‘మ’ అవడానికి మూడు రోజులు పట్టింది. నేను వెళ్లేసరికి మెదడులో గడ్డ ఆవిడ మాటని పట్టుకుపోయింది. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదీ, నేను చెప్పిన జవాబు ఇదీ. ఆ తరవాత మొహం చెల్లక గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాణ్ణి. మంచం మీద కీబోర్డు, పక్కన నువ్వు. “అక్క జవాబులు రాస్తోంది బావా” అనేదానివి. నోరు పోయినా వేళ్లు ఉన్నాయి కదా అని వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి.

ఆవిడ నన్ను క్షమించిందా లేదా అన్నది ఒక్కటే నాకు తెలియాల్సింది. అది తెలియకే ఎనిమిది నెలలుగా ఇలా ఉన్నాను. 412 మూడుసార్లు చదివి, లేచి వంటింట్లోకి వెళ్లాను. గడియారం చూడకుండానే ఆకలేసింది.

బావ


రిపేరు షాపు,
ఏప్రిల్ 17

బావగారికి,

ఉత్తరం అందింది. అవును, పక్కింటామె అక్కే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. మీకు చెబితే ఆ జవాబులన్నిటికీ పదసూచిక చేస్తానంటారని భయపడేది.

మీకు ఆకలేసిందని చదివి చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఉన్నాను. సంతోషించాను బావా. నిజంగా.

పుస్తకాల్లో తేదీలు తప్పు పడుతుంటాయని మీరే అంటుంటారు కదా. అన్నీ పట్టించుకోకండి. షాపులో పని ఎక్కువగా ఉంది. తీరిగ్గా రాస్తాను.

మీ మరదలు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 28

మరదలికి,

నీకు ‘తీరిగ్గా’ కుదిరేలోగా ఇది రాయాల్సి వచ్చింది. పుస్తకం రాసినావిడకి నేను ఉత్తరం పెట్టాను, మీరు వెతుకుతున్న మనిషి నా భార్య అని. ఆవిడ జవాబిచ్చింది. పుస్తకం మొదటి పేజీలో మీ అక్క అసలు పేరు వేసి, దాని కింద 412లోని ఆ నాలుగు మాటలూ అచ్చువేస్తానంటోంది. పుస్తకం ఆవిడకే అంకితం. జూన్ మొదటి వారంలో ప్రెస్సుకి వెళ్తుంది.

ఇంటివాళ్లు ఇద్దరు ఒప్పుకుంటూ సంతకాలు చెయ్యాలట. మిగిలింది మనమిద్దరమే. నాది చేసేశాను. నీది చేసి కాగితం తిప్పి పంపించు.

నిన్న వీధి చివరి దాకా నడిచాను. కొత్త పెన్సిళ్లు కొన్నాను. పాతవి ఇంకా ఉన్నాయి, అయినా కొన్నాను. ‘గ’ మొదలైంది.

బావ


రిపేరు షాపు, వెనక బల్ల,
మే 6

బావగారికి,

ఈ వారం ఏడు కీబోర్డులు వచ్చాయి. అయిదింటి మీద కాఫీ పడింది, ఒకదాని మీద మందు సీసా పడింది, ఏడోదాని మీద ఏం పడిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఓనరమ్మ ప్రింటరు ఇటుకల మీద బాగా కుదురుకుందని, పుస్తకాలు ఇక అక్కర్లేదని అంది.

మొన్న ఒకాయన వాళ్ల అమ్మ లాప్‌టాప్ తెచ్చాడు. ఆవిడ పోయి ఏడాదైందట. పాస్‌వర్డ్ తెలియదు, తీసి ఇమ్మన్నాడు. రెండు గంటలు పట్టింది. తీశాక తెర ఆయన వైపు తిప్పబోతే, వద్దు మూసెయ్యండి అన్నాడు. బయటికి వెళ్తూ దానికి ఒక సంచీ కొనుక్కున్నాడు.

నాలుగో పుస్తకం చదువుతున్నాను. వేరేవాళ్ల పేరుతో రాసేవాళ్ల మీద ఒక అధ్యాయం ఉంది. మోసానికి రాసేవాళ్లు, సరదాకి రాసేవాళ్లు అని రెండు రకాలుగా విడదీశాడు. ఇంకో రకం ఉంటారని ఆయనకి తోచినట్టు లేదు.

‘క’ అయిపోయింది, ‘గ’ కూడా వచ్చింది. కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది. ఒకసారి వచ్చి కూర్చోండి బావా. కొన్ని మాటలు రాయడం కంటే పక్కన కూర్చుని చెప్పడం తేలిక.

మీ మరదలు


ఇంటి నుంచి,
మే 14
(కార్డు)

మరదలికి,

అచ్చుతప్పులు చూసిన కళ్లు ఇవి. నీ ఉత్తరంలో కీబోర్డులున్నాయి, లాప్‌టాప్ ఉంది, ఓనరమ్మ ఉంది. కాగితం లేదు, సంతకం లేదు. తొందరపెట్టడం లేదు. ‘ప’లో ఉన్నాను. ‘మ’ దగ్గరపడుతోంది, ఆ అక్షరం మీద చెయ్యి వెయ్యబుద్ధి కావడం లేదు. రావడం సంగతి పుస్తకం అయ్యాక.

బావ


ఇంట్లో,
మే 20

బావా,

సంతకం పెట్టను. 412 అక్క రాసింది కాదు. నేను రాశాను.

ఒక్క వాక్యంలో చెప్పమంటారు కదా, చెప్పేశాను. ఇక మిగతాది.

కిందటేడు మాట పడిపోయేదాకా అక్క చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. తరవాత వేలితో ఒక్కో అక్షరం చూపించేది. ఏప్రిల్ నెలాఖరుకి వేలు కూడా ఆగిపోయింది. బోర్డులో మాత్రం జనం రాస్తూనే ఉన్నారు. పక్కింటామె ఏదీ, ఏమైంది అని అడుగుతున్నారు. ఊరుకుంటే అక్క పోయిందని నేనే చెప్పినట్టవుతుందనిపించింది. అక్క పక్కనే కూర్చుని, ఆవిడ పేరుతో, ఆవిడలాగే రాయడం మొదలుపెట్టాను. మీరు గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా “అక్క జవాబులు రాస్తోంది” అన్నాను. అబద్ధమే. మీరు ఇలాంటి పుస్తకం ముట్టుకుంటారని, ముట్టుకున్నా సరిగ్గా ఆ పేజీ మీ చేతికే వస్తుందని నేను కల కన్నానా?

ఆ జబ్బుమనిషి ప్రశ్న వచ్చినరోజు నాకు మీమీద ఒళ్లు మండిపోతోంది. ముందు వేరే జవాబు రాశాను. మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు, నాలుగడుగుల దూరం నడవలేడు అని. రాసి చెరిపేశాను. అప్పుడు పక్క గదిలోంచి మీ కార్డుల చప్పుడు వచ్చింది. తీసి, తట్టి, పెట్టి. తీసి, తట్టి, పెట్టి. అది వింటూ మీరు చదివిన జవాబు రాశాను. అక్క వైపు చూశాను. ఆవిడ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మొహంలో ఏమీ లేదు. ఆవిడ మనసు చదివి రాశానని నేను చెప్పుకోలేను. ఆ మాట నాకే కావాల్సి వచ్చింది, ఆ గదిలో నేను ఒక్కదాన్నే అయిపోయాను.

ఏప్రిల్‌లోనే చెప్పేయాల్సింది. మీకు ఆకలేసిందన్నారు. దాన్ని ఎలా లాక్కోను? కానీ అక్క పేరు కింద, పుస్తకం మొదటి పేజీలో, అక్క అనని మాట అచ్చవడం నేను చూడలేను. అక్క మిమ్మల్ని క్షమించిందో లేదో నాకు తెలియదు బావా. తెలిసి ఉంటే చెప్పనా?

వచ్చి కూర్చోమని ఇక అడగను.

మరదలు


ఇంటి నుంచి,
మే 30

మరదలా,

నీ ఉత్తరం చదివి, కోపం వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. బాధ వచ్చింది. ఇన్నాళ్లూ అదీ లేదు కనుక దాన్ని రానిచ్చాను.

నాకు ముందే తెలుసు. నీకు సంతకం కాగితం పంపించిన మర్నాడు ‘గ్లాసు నీళ్లు’ అని ఒక కార్డు రాశాను. 398, 401, 405, 409. పుస్తకంలో అచ్చువేసిన ప్రతి జవాబూ మీ అక్క ఆ మాటతోనే మొదలుపెట్టింది. 412లో లేదు. అంతా అక్కలాగే రాశానన్నావు, గ్లాసు నీళ్లు మరిచిపోయావు. కార్డుని పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టి మూడు వారాలు ఊరుకున్నాను. నువ్వు సంతకం పెట్టేస్తావేమోనని ఎదురుచూశాను. పెట్టి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణే. అది నా సిగ్గు.

ఇంకోటి కూడా ఉంది. కిందటేడు జూన్‌లో నా దగ్గర పని లేదు. ఆలస్యం చేస్తున్నానని ప్రచురణ వాళ్లు మే నెలలోనే కాగితాలు వెనక్కి పట్టుకుపోయారు. మీకెవరికీ చెప్పలేదు. పని ఉన్నవాడు లోపలికి రాకపోతే ఒక కారణం ఉంటుంది. పని లేనివాడికి ఏం కారణం ఉంటుంది? అందుకని ఖాళీ కార్డులు పెట్టెలోంచి తీసి, బల్ల మీద తట్టి, మళ్లీ పెట్టెలో పెట్టేవాణ్ణి, మీ ఇద్దరికీ వినబడేలా. నువ్వు విన్న చప్పుడు అదే. వాటి మీద ఒక్క అక్షరం కూడా లేదు.

ఆ చప్పుడు నువ్వు విన్నావు. ఆవిడ విందో లేదో నీకు తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. నేను అంతవరకే రాయగలను, పేజీలో లేనిది పదసూచికలో పెట్టకూడదు.

పుస్తకం రాసినావిడకి ప్రచురణ వాళ్ల మనిషి చేత నిజం రాసి పంపాను. మొదటి పేజీలో ఏమీ వద్దన్నాను. ఆ జవాబు పక్కింటామె చెల్లెలు రాసిందని 412 అడుగున ఒక పంక్తి వేస్తానంది. నీకు అభ్యంతరమైతే చెప్పు. నా సంతకం కాగితం నీ దగ్గరే ఉంది, చింపెయ్. కార్డులు ఇలా మార్చాను:

గ్లాసు నీళ్లు, 398, 401, 405, 409
చప్పుడు, పక్క గదిలోది, 412
పక్కింటామె (అక్క), 396–411
పక్కింటామె (చెల్లెలు), 412. ‘మరదలు’ కూడా చూడండి

ఆఖరిదాన్ని ప్రచురణ వాళ్లు కొట్టేస్తారు, పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు కనుక. కొట్టేసేదాకా ఉండనీ.

ఆ కార్డు రాద్దామనే ‘మ’ తెరిచాను. మీడియా, మెయిలు, మెసేజ్, మోడెం అన్నీ ఇంకా వరసలో ఉన్నాయి. పెట్టె మూత పెట్టకుండా, పెన్సిలు అందులోనే వదిలేసి లేచాను. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. పదకొండున్నర బస్సుకి నేనే పట్టుకొస్తున్నాను. నువ్వు ఈ మాట చదివేసరికి నీ బల్ల పక్కన ఆ కుర్చీలో ఉంటాను. మాట్లాడక్కర్లేదన్నావు, గుర్తుంది.

‘మ’ ఇంకా అవలేదు.

బావ